గొర్రెగా మారిన పంది: చేవెళ్ల దారిలో ఒక దీవెన పండుగ

ఈ ప్రయాణానికి కారణం మా ఇంటి పిల్లి. దాని పేరు ఫిలోమినా. సెయింట్ పేరు, అంటే పునీతురాలి పేరు పిల్లికి పెట్టవచ్చా అని ఎవరైనా అడిగితే మా అమ్మ ఒకటే జవాబు చెబుతుంది: "మనుషులకు పెడితే ఏం ఉద్ధరించారు?" గత నెల ఈ ఫిలోమినా ఒక పావురం మీద ఆశపడి మూడో అంతస్తు బాల్కనీ నుంచి దూకింది. పావురం ఎగిరిపోయింది. ఫిలోమినా కింద నిలిపి ఉన్న వాచ్‌మన్ స్కూటర్ సీటు మీద పడి, లేచి, ఒళ్లు దులుపుకుని, తన పరువు పోవడం ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూసి, మెట్లెక్కి ఇంటికి వచ్చింది. అప్పటికే అమ్మ మొక్కేసింది. అక్టోబరులో అస్సీసీ ఫ్రాన్సిస్ గారి పండుగ రోజున దీన్ని జంతువుల దీవెనకు తీసుకెళ్లాలని. మొక్కింది అమ్మ, మోకాళ్ల నొప్పులు అమ్మవి, కాబట్టి మోసేది నేను. మా ఇంట్లో మొక్కుల వ్యవస్థ ఇలాగే నడుస్తుంది.

నగరంలోనూ దీవెన జరిగే గుళ్లు (మేము చర్చిని గుడి అనే అంటాం) ఉన్నాయి. కానీ అమ్మకు చిన్నప్పటి నుంచి తెలిసిన గుడి ఒకటి మొయినాబాద్ దాటాక, చేవెళ్ల రాకముందు, రోడ్డుకు లోపలగా ఉన్న ఊళ్లో ఉంది. ఊరి పేరు రాయడం లేదు. అక్కడ నాకు అన్నం పెట్టిన వాళ్లు ఉన్నారు, వాళ్లకు నా వల్ల ఇంకో గొడవ వద్దు. ఇంకో గొడవ అన్నానంటే మొదటిది జరిగిందని మీకు అర్థమయ్యే ఉంటుంది. అవును, ఇది కోపంతో రాస్తున్న పోస్టు. చల్లారాక రాద్దామనుకుని వారం ఆగాను. చల్లారలేదు.

ముందుగా కేథలిక్కులు కాని పాఠకులకు నాలుగు ముక్కలు. మా ఇంట్లో పిల్లలకు చెప్పే కథల్లో రాజులు, రాక్షసులు తక్కువ. పునీతులు, వాళ్ల జంతువులు ఎక్కువ. ఫ్రాన్సిస్ గారు ఒక ఊరిని పీక్కుతింటున్న తోడేలు దగ్గరకు వెళ్లి, "తమ్ముడా" అని పిలిచి, ఊరివాళ్లు రోజూ అన్నం పెట్టేటట్టు, అది ఎవరినీ కరవకుండా ఉండేటట్టు రాజీ కుదిర్చాడు. పాదువా అంతోని గారు ప్రసంగానికి మనుషులు రాకపోతే ఏటి ఒడ్డుకు పోయి చేపలకు ప్రసంగించాడు. చేపలు తలలు పైకెత్తి విన్నాయట, నడుమ లేచి పోకుండా. రోకు గారు ప్లేగు తగిలి అడవిలో పడి ఉంటే ఒక కుక్క ఎవరి ఇంటి నుంచో రోజూ రొట్టె పట్టుకొచ్చి బతికించింది. మార్టిన్ గారు కుక్కకు, పిల్లికి, ఎలుకకు ఒకే పళ్లెంలో పెట్టేవాడు, అవి కొట్లాడుకోకుండా తినేవి. మా కాలేజీ హాస్టల్ మెస్ చూసిన వాడిగా చెబుతున్నాను, వీటన్నిటిలో అసలైన అద్భుతం అదే. ఈ కథలన్నిటినీ మొన్న మళ్లీ గుర్తు చేసుకుని వెతికాను. ఎక్కడా కమిటీ కనిపించలేదు.

మెహదీపట్నంలో ఉదయం ఆరున్నర ప్రాంతంలో చేవెళ్ల బస్సు ఎక్కాను. ఆ వేళ సీటు దొరుకుతుంది. ఎనిమిది దాటితే కాలు పెట్టే చోటు కూడా ఉండదు. మూత ఉన్న బుట్టలో ఫిలోమినా, నా ఒడిలో బుట్ట. లంగర్‌హౌజ్ దాటగానే అది పాట ఎత్తుకుంది. కండక్టరమ్మ వచ్చి మూత వైపు వంగి చూసింది.

"గంపల ఏమున్నది?"

"పిల్లి అక్కా."

"కోడైతే లగేజీ కొడ్త. పిల్లికేం కొట్టాల్నో మాకు ట్రైనింగుల చెప్పలే. ఆడదా, మగదా?"

"ఆడది."

"అయితే ఫ్రీ. ఆధార్ కార్డు సూపియ్యమను."

బస్సంతా నవ్వింది. నా టికెట్టుకు యాభై లోపే అయింది, ఫిలోమినా ప్రభుత్వ పథకంలో ప్రయాణించింది. అజీజ్‌నగర్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఫామ్‌హౌసుల గోడలు మొదలవుతాయి. గోడ మీద గోడ, మధ్యలో రిసార్టు కమాను, దాని పక్కన 'ప్రకృతి ఒడిలో ప్లాట్లు' అనే బోర్డు. ప్రకృతి మాత్రం ఎదురుగా నగరంలోకి పోతోంది, టమాటా డబ్బాల రూపంలో, బంతిపూల మూటల రూపంలో, ట్రాలీ ఆటోలెక్కి.

గంట సేపటికి మా మలుపు దగ్గర దిగాను. అక్కడి నుంచి గుడి మూడు కిలోమీటర్లు. షేర్ ఆటో దొరికితే ఇరవై రూపాయలు, ఒక్కరే వెళ్తే వంద అడుగుతారు. నాకు దొరికిన ఆటో మల్లేశ్ అన్నది. ఆయన బుట్ట చూసి నవ్వాడు.

"నువ్వు గూడ దీవెనకేనా? పొద్దుగాల్నించి ఆరేడు కార్లు పోయినయ్ తమ్మీ, అన్నిట్ల కుక్కలే. మనుషులు స్టీరింగు కాడ చెమటలు గక్కుతున్నరు, అవి ఎన్కసీట్ల ఏసీ ముంగట నాలుకలు జాపుకోని పండుకున్నయ్. వచ్చే జన్మల నన్ను గా ఫామ్‌హౌసుల పుట్టియ్యమని నువ్వు జర మొక్కు."

కొంత దూరం పోయాక ముందు గంట చప్పుడు వినిపించింది. బడిగంట కాదు, మెడలో కట్టే చిన్న ఇత్తడి గంట. ఒక నల్లటి ఆడపంది, కడుపు నేలకు తాకుతుందేమో అన్నంత నిండుగా, రోడ్డు అంచున ఠీవిగా నడుస్తోంది. తాడు లేదు. వెనక నాలుగడుగుల దూరంలో అరవై దాటిన ఒక అవ్వ, ఉతికిన తెల్ల చీరలో, చేతిలో వేప కొమ్మతో నడుస్తోంది.

"అంతోనమ్మ, కనకం," అన్నాడు మల్లేశ్ అన్న హారన్ కొట్టకుండా బండి పక్కకు తీసి. "మా ఊరి పెద్ద మనిషి."

"ఎవరు, ఆ అవ్వా?"

"ఇద్దరు."

ఎక్కించుకుందామా అని అడిగాను. "అవ్వను ఎక్కిచ్చుకుంట. కనకానికి నెలలు నిండినయి. నా ఆటో కుదుపులకు ఈడనే ఈనుతది. నడుసుడే మంచిది," అన్నాడు. అవ్వ కూడా మమ్మల్ని పొమ్మని కొమ్మ ఊపింది.

గుడి చిన్నది. నీలం రంగు గోడలు, ముందు రేకుల పందిరి, గేటుకు కాగితం తోరణాలు. గేటు మీద బ్యానర్: 'సకల ప్రాణులకు దీవెన. అందరూ ఆహ్వానితులే.' లోపల ఎర్ర తివాచీ పరిచి ఉంది. దాని మీద మనుషులు కాదు, కుక్కలు కూర్చుని ఉన్నాయి. ఒక హస్కీకి ప్రత్యేకంగా టేబుల్ ఫ్యాన్ పెట్టారు. మంచు దేశంలో పుట్టాల్సిన దాన్ని మొయినాబాద్ ఎండలో పెంచుతున్న వాళ్లకు దీవెన కన్నా ముందు పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, అవసరమని నాకు అనిపించింది, కానీ అది నా శాఖ కాదు.

గుడి ముందు గద్దె మీద పునీతుని విగ్రహం ఉంది. ఇక్కడి పాలక పునీతుడు ఎడారి అంతోని. చేపలకు ప్రసంగించిన, బాలయేసును ఎత్తుకుని ఉండే అంతోని వేరే. ఈయన చాలా పాత మనిషి, ఎడారిలో ఒంటరిగా తపస్సు చేసిన వాడు, పొడవు గడ్డం, చేతికర్ర. పాదాల దగ్గర పంది ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఉంటుంది. ఆయన పేరున వెలిసిన మఠం వాళ్లు పూర్వం పందుల మెడలో గంట కట్టి ఊళ్లో వదిలేవారట, ఊరంతా వాటికి మేత పెట్టేదట. మా అమ్మ చిన్నప్పుడు ఈ గుడికి వచ్చి ఆ పంది ముక్కు నిమిరి మొక్కుకున్నది. నా ముక్కు ఆ పంది ముక్కులా చక్కగా రావాలని మొక్కలేదు కదా అని నేను చాలాసార్లు అడిగాను.

కాబట్టి గద్దె దగ్గరకు వెళ్లి ముందు పందినే చూశాను. పంది లేదు. గొర్రె ఉంది.

మళ్లీ చూశాను. తెల్లటి ఎనామిల్ రంగు, ఇంకా వాసన పోలేదు. ఒంటి మీద బ్రష్షుతో ఉంగరాలు ఉంగరాలుగా ఉన్ని గీశారు. చెవుల లోపల గులాబీ రంగు. అంతా బాగుంది. కానీ రంగు వేయవచ్చు గానీ మూతి చెక్కలేరు కదా. చదునైన మూతి, దానికి రెండు గుండ్రటి బొక్కలు, వెనక సున్నా చుట్టిన తోక. భూమండలం మీద పంది మూతి ఉన్న ఏకైక గొర్రె మా చేవెళ్ల దారిలో ఉంది. దాని కళ్లు మాత్రం పాతవే. 'చూశావా నా గతి' అన్నట్టు ఉన్నాయి.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? నచ్చిందా?" పందిరి వెనక పొయ్యిల దగ్గర నుంచి వంటామె అడిగింది. ఆమె లూర్దమ్మ. పెద్ద గంజులో బగార అన్నం, పక్క పొయ్యి మీద మటన్ కూర. జంతువుల పండుగకు మటన్ ఏమిటమ్మా అంటే, "దీవిచ్చేటియి వేరె, ఉడికేటియి వేరె," అని ధర్మసూక్ష్మం చెప్పింది. గొర్రె సంగతి అడిగాను. గరిటె పక్కన పెట్టి, గొంతు తగ్గించి, కథంతా చెప్పింది.

ఈ ఊళ్లో మొదట జ్ఞానస్నానం తీసుకున్నది ఊరి చివర గూడెంలో పందులు పెంచుకునే ఇళ్ల వాళ్లు. ఏ గుడి మెట్టూ ఎక్కనివ్వని రోజుల్లో, ఎక్కడి నుంచో వచ్చిన ఒక ముసలి ఫాదర్ ఈ విగ్రహాన్ని ఎడ్లబండి మీద దింపాడట. దేవుని మనిషి కాళ్ల దగ్గర తమ పంది పడుకుని ఉండటం చూసి గూడెమంతా వచ్చి నిలబడిందట. ఆ ఫాదరే ఒక పద్ధతి పెట్టాడు. ఏటా గూడెంలో ఒక ఆడపందికి గంట కడతారు. అది 'అంతోని పంది'. ఎవరి ఇంటి ముందుకు వస్తే వాళ్లు మేత పెట్టాలి, అమ్మకూడదు, కోయకూడదు. దీవెన పండుగ రోజున పునీతుని కాళ్ల దగ్గరున్న జీవానికే మొదటి దీవెన, అంటే పందికి. ఆ తర్వాతే మిగతా వాటికి. అది ఈనిన పిల్లలను ఆ సంవత్సరం నష్టపోయిన ఇళ్లకు, మొగుడు చనిపోయిన ఆడమనిషికి, కొత్తగా వేరుపడ్డ జంటకు, ఇంటికొకటి చొప్పున అంతోని పేరు చెప్పి పంచుతారు. అంతోని గారి పండుగ అసలు జనవరిలో, కానీ అప్పుడు కోతల పని ఉంటుందని దీవెనను ఫ్రాన్సిస్ గారి రోజుకు మార్చింది కూడా ఆ ఫాదరే.

"మరి ఈ రంగు?"

"కమిటీ పెద్ద జోజయ్య ఏపిచ్చిండు. ప్లాట్ల యాపారం జేస్తడు. గూడెం పక్కపొంటి ప్లాట్ల ఎంచర్ వడ్డది గదా, కొనేటోళ్లు కార్లేసుకొని వస్తే పందులు కనవడొద్దట. ఊళ్లెకెల్లి తీసెయ్యాలని పంచాయితీల అర్జీ వెట్టిండు. గుడి కాడ మొదటి దీవెన పందికి దొరికినన్ని రోజులు ఊళ్లె ఎవలు నోరెత్తలే బిడ్డా. దేవుడే ఒద్దనలేంది మనమెట్ల ఒద్దంటం అన్నరు. ఇయ్యాల పందిని గేటు కాడనే ఆపమన్నడు. ఇయ్యాల గేటు కాడ ఆపితే, రేపు ఊరవుతల తోలుతరు. మాకున్నదే గవి."

ఇంతలో గేటు దగ్గర గంట వినిపించింది. కనకం వచ్చింది.

వాలంటీర్లు ఇద్దరు అడ్డం నిలబడ్డారు. తెల్ల చొక్కా, మెడలో కమిటీ రిబ్బనుతో జోజయ్య వచ్చాడు. ఆయన చేతిలో ఒక పొట్టేలు తాడు. మచ్చలేని తెల్ల పొట్టేలు, కొమ్ములకు పసుపు, మెడకు శాటిన్ రిబ్బను. విగ్రహం కాళ్ల దగ్గర గొర్రె ఉంటే మొదటి దీవెన ఎవరికి పోతుందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. లూర్దమ్మ నా పక్కనే నిలబడి పళ్లు నూరింది: "నిన్ననే అంగట్ల కొన్నడు. ఆదివారం మనుమని పుట్టినరోజు దావత్‌కు కోస్తడట. దీవెనా దానికే, మసాలా దానికే."

"అంతోనమ్మా, నువ్వు లోపలికి రా. ముంగట కుర్చీ ఏపిస్త, కూసో," అన్నాడు జోజయ్య చాలా మర్యాదగా. "దీన్ని మాత్రం అవుతల కట్టేయ్."

"కూసుంటానికి రాలే జోజీ. దీన్ని తోల్కొని వచ్చిన."

"పెద్దపెద్దోళ్లు వచ్చిండ్రు. మంచిగుండదు."

"గా రాతల ఏమున్నది? సకల ప్రాణులనే గదా రాసిండ్రు? పంది ప్రాణం గాదా?"

"రాసినప్పుడు అందరికీ రాస్తం. అన్నిటినీ రమ్మన్నట్టా?"

ఈ వాక్యాన్ని మీరు రెండుసార్లు చదవండి. నేను ఇప్పటికి రెండు వందల సార్లు మనసులో చదివాను. మన దేశంలో బ్యానర్లు రాసే వాళ్లందరి మనసులోని మాటను ఆ మహానుభావుడు ఒక్క ముక్కలో చెప్పేశాడు.

అంతోనమ్మ గొంతు పెంచలేదు. "జోజీ, మీ నాయన వేరువడ్డప్పుడు మీ ఇంట్ల ఏముండె? అంతోని పంది పిల్లను మా అవ్వ తెచ్చి మీ అమ్మ ఒడిల వెట్టింది. గా పిల్ల పెరిగి మంద అయింది. నీ బడి, నీ పట్నం చదువు, నీ తెల్లంగి, అన్ని గా మందల కెల్లే వచ్చినయ్. ఇయ్యాల నీకు కంపు గొడ్తున్నదా?"

జోజయ్య ముఖం పాలిపోయింది. ఆయనా గూడెం మనిషే అని నాకు అప్పుడే తెలిసింది. చుట్టూ ఫామ్‌హౌసు వాళ్లు వింటున్నారు. ఆయన తివాచీ వైపు చూశాడు, మా వైపు చూశాడు, తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "అప్పటి ముచ్చట ఇప్పుడెందుకు? ఇంటికి తోల్కపో," అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద జాలి కలగాలి. మంచి రచయిత అయితే కలిగించుకునేవాడు. నాకు కలగలేదు.

అంతలో ఈ చుట్టుపక్కల గుళ్లను చూసుకునే విచారణ ఫాదర్ బైకు మీద వచ్చారు. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్, ఆ ఉదయం ఇంకో రెండు గుళ్లలో పూజ చేసి వస్తున్నారు. నేను బుట్ట పట్టుకుని ఎదురు వెళ్లి, గేటు దగ్గర ఒక పంది దీవెన కోసం నిలబడి ఉంది, ఆపేశారు అని చెప్పాను. ఆయన గేటు వైపు చూశారు, గడియారం చూసుకున్నారు. "కమిటీ వాళ్లతో తర్వాత మాట్లాడతాను," అని గుడిలోకి నడిచారు. 'తర్వాత' అనే మాటకు పండుగ ఒకటి పెడితే మన ఊళ్లన్నీ బ్రహ్మాండంగా జరుపుకుంటాయి.

పూజ జరిగింది. ప్రసంగం కూడా జరిగింది, అదీ తోడేలు మీద. తోడేలును 'తమ్ముడా' అని పిలిచిన మనిషి గురించి ఫాదర్ చాలా చక్కగా చెప్పారు. ఆయన చెబుతున్నంతసేపూ గేటు బయట గంట ఆగి ఆగి మోగింది. కుక్కలు తలలు తిప్పి చూశాయి, మనుషులు తిప్పలేదు. తర్వాత అందరూ బయట విగ్రహం ముందుకు వచ్చారు. ఫాదర్ తీర్థజలం ఉన్న పాత్ర పట్టుకున్నారు. జోజయ్య పొట్టేలును ముందుకు లాగాడు. పొట్టేలు రానంది, కాళ్లు బిగపట్టింది. ఇద్దరు వెనక నుంచి తోశారు. అలా మొదటి దీవెన ఆదివారం దావత్ మీద పడింది.

అప్పుడు అంతోనమ్మ లోపలికి వచ్చింది. ఒక్కతే వచ్చింది కాబట్టి వాలంటీర్లు ఆపలేకపోయారు. ఆమె చేతిలో కనకం మెడలోని గంట ఉంది. జనం మధ్య నుంచి నేరుగా నడిచి, గద్దె దగ్గర వంగి, ఆ రంగు గొర్రె మెడకు గంట కట్టింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. లేచి, పునీతుని ముఖంలోకి చూసింది.

"నీ పందిని గొర్రెను జేస్తుంటె ఊకున్నవ్. నా పందిని ఏం జేస్తె నీకేంది? ఇగో, నీ గంట. నువ్వే పెట్టుకో."

అంతే. తిరిగి వెళ్లిపోయింది. హస్కీకి పెట్టిన ఫ్యాన్ ఒక్కటే చప్పుడు చేస్తోంది. వరసలో నా ముందు రెండు కుక్కలు, ఒక కుందేలు ఉన్నాయి. నేను వరసలోంచి తప్పుకుని బయటికి నడిచాను. ఫిలోమినా బుట్టలోంచి ఒక్కసారి అరిచింది. సమ్మతి అనుకున్నాను.

రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో కనకం పడుకుని ఉంది. అంతోనమ్మ పక్కన కూర్చుని దాని కడుపు నిమురుతోంది. నేను వెళ్లి కూర్చున్నాను. బుట్ట మూత తీశాను.

"నీ పిల్లికేమైంది బిడ్డా, దీవెనకు తెచ్చినవ్?"

"మూడో అంతస్తు మీది నుంచి పడింది అవ్వా. ఏమీ కాలేదు."

"పడ్డంక బతికింది గదా. ఇంకేం దీవెన? అప్పుడే అయిపాయె." పిల్లి తల మీద ఒకసారి చేయి వేసి తీసింది. ఎవరి చేయి పడ్డా గీరే ఫిలోమినా నోరు మూసుకుని ఊరుకుంది.

కాసేపటికి ఫాదర్ వచ్చారు. ఒంటరిగా, తీర్థజలం పాత్ర పట్టుకుని, వెనక్కి ఒకసారి చూసుకుంటూ. "అమ్మా, నాకు నిజంగా తెలియదు. నేను వచ్చేసరికే అది గొర్రె. మొదటి నుంచి అదే అనుకున్నాను," అన్నారు. "కమిటీతో గొడవ పెట్టుకుంటే గుడి నడవదు. ఇక్కడ దీవించేస్తాను, రండి."

అంతోనమ్మ లేవలేదు. "రోడ్డు మీద ఒద్దు ఫాదర్. దొంగతనంగా ఒద్దు. గుడి ముంగట, అంతోని ముంగట, అందరు సూస్తుండంగ, మొదలు ఇయ్యాలె. మాకు గదే కావాలె. నీళ్లు మా బోరింగుల గూడ వస్తయ్."

"వచ్చే ఆదివారం కమిటీని కూర్చోబెడతానమ్మా. అప్పుడు చూద్దాం."

"కనకం ఆదివారం దాక ఆగదు. ఇయ్యాలనో రేపో ఈనుతది."

ఫాదర్ చేతిలో పాత్ర అలాగే ఉంది. ఆయన కళ్లలో బాధ కనిపించింది, అది నిజమైనదే. కానీ బాధపడే వాళ్ల వల్ల గేట్లు తెరుచుకోవు. ఆయన మెల్లగా అడిగారు: "అయితే ఈ సంవత్సరం పిల్లలను పంచరా?"

"ఎందుకు పంచ? పంచుత. సావిత్రి మొగుడు పోయి మూణ్నెల్లాయె, ఆమెకు మొదలిస్త. అందరికి ఇస్త." అంతోనమ్మ చీర దులుపుకుని లేచింది. "అంతోని పేరు మాత్రం చెప్ప."

ఇంతసేపూ కోపంలో నాకు తోచని సంగతి అప్పుడు తోచింది. దీవెన తప్పిపోయింది పందికి కాదు, పునీతునికి.

పందిరి వైపు నుంచి లూర్దమ్మ ఒక తట్ట నిండా వేడి బగార అన్నం పట్టుకుని వచ్చింది. వెనకే జోజయ్య గొంతు: "లూర్దమ్మా! ఇంక గెస్టులకు వడ్డియ్యలే!" ఆమె వెనక్కి తిరక్కుండానే అరిచింది: "దీవెన నీ చేతుల ఉన్నదేమో పెద్దమనిషీ, గరిటె నా చేతుల ఉన్నది!" కనకం ముందు విస్తరి పరిచి వడ్డించి, ఊదుకో అన్నట్టు చేత్తో విసిరింది. మొదటి గరిటె పందికి, రెండోది అంతోనమ్మకు, మూడోది నాకు. మటన్ వద్దన్నాను. ఎవరిని తింటున్నానో ముఖపరిచయం ఉన్న రోజున తినలేను. ఫాదర్ పాత్ర పట్టుకుని గుడి వైపు నడిచారు. గేటు దగ్గర ఆగి విగ్రహాన్ని చూశారు. చాలాసేపు చూశారు. అంతకన్నా ఏమీ చేయలేదు.

గూడెం వైపు అంతోనమ్మ, కనకం నడిచిపోతుంటే ఈసారి గంట లేదు. వచ్చేటప్పుడు దూరం నుంచే తెలిసిన నడక, పోయేటప్పుడు పక్కనే ఉన్నా వినపడలేదు. నేను కాసేపు అక్కడే తిరిగి, గుడి దగ్గర ఒక చిన్న పని చూసుకుని, మల్లేశ్ అన్నకు ఫోన్ చేశాను. ఆయన నన్ను నేరుగా చేవెళ్లలో దింపాడు. దారిలో అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "గంట ఇచ్చేసిందా?" అని రెండుసార్లు అడిగాడు. వంద తీసుకోకుండా యాభైయే తీసుకున్నాడు. చేవెళ్ల బస్టాండు దగ్గర చాయ్ తాగి అమ్మకు ఫోన్ చేశాను. మొక్కు తీరలేదు అనగానే తిట్లు మొదలయ్యాయి. కథ మొత్తం విన్నాక తిట్లు ఆగలేదు, దిశ మార్చుకున్నాయి. చివరికి, "ఆ అవ్వ చెయ్యి వేసింది కదా. మొక్కు తీరింది. ఇంటికి రా," అంది. బస్సులు చేవెళ్ల నుంచి సాయంత్రం దాకా తరచుగా ఉంటాయి. మూడు లోపు ఎక్కితే కూర్చుని రావచ్చు.

తిరిగి వస్తూ ఆ కథలనే ఆలోచించాను. తోడేలు, చేపలు, కుక్క, ఎలుకలు. చిన్నప్పుడు అవి జంతువులు మంచివని చెప్పే కథలు అనుకున్నాను. కాదు. ఊరు ఎవరిని బయటికి తోలిందో వాళ్లతో ఒక మనిషి వెళ్లి కూర్చున్న కథలు అవి. తోడేలును ఊరు తరిమింది, రోగిని ఊరు తరిమింది, వంటింటి ఎలుకను ప్రతి ఇల్లూ తరిమింది. పునీతుని పక్కన జంతువు ఎందుకుంటుందంటే అతడు అది ఉన్న చోటికి వెళ్లాడు కాబట్టి, అది అతని తివాచీ మీదికి వచ్చినందుకు కాదు. ఆ జంతువును పెద్దమనుషులకు నచ్చేటట్టు మార్చేస్తే మిగిలేది పునీతుడు కాదు, గడ్డం ఉన్న ముసలాయన ఒకడు, కాళ్ల దగ్గర ఎవరిదో పొట్టేలు. కనకం ఆ రాత్రే ఈనిందని మల్లేశ్ అన్న చెప్పాడు. సావిత్రి ఇంటికి మొదటి పిల్ల చేరుతుంది. ఎవరి పేరూ చెప్పకుండా.

వెళ్లదలచిన వాళ్లకు ఒక్క సలహా. విగ్రహాలకు వేసే ఎనామిల్ రంగు నీళ్లతో పోదు, సబ్బుతోనూ పోదు. అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు తడి కర్చీఫ్‌తో నేను ప్రయత్నించాను. ఒక చిన్న సీసాలో టర్పెంటైన్, ఒక పాత గుడ్డ పట్టుకెళ్లండి. మూతి దగ్గర మొదలుపెట్టండి.